మిర్చి కల్లంలోనే అమ్మాలా, యార్డుకు తోలాలా? మార్కెట్ చట్టం అసలు ఎవరి కోసం వచ్చింది?

మీ ప్రశ్నను మిగతావాళ్ల కోసం ఒకసారి క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి మహబూబాబాద్ జిల్లాలో నాలుగెకరాల మిర్చి, కొంత పత్తి ఉంది. ఊళ్లోకి వచ్చే వ్యాపారి కల్లం దగ్గరే కొంటానంటున్నాడు. పేపర్లో ఖమ్మం జెండా ధర, అంటే యార్డు వేలంలో ఆ రోజు పలికిన పై ధర చూస్తే అంతకంటే బాగా ఎక్కువ కనిపిస్తోంది. యార్డులోనే అమ్మాలని చట్టం ఉందా, అంత దూరం తోలితే నిజంగా మిగులుతుందా, అసలు యార్డులు నడిపే ఈ మార్కెట్ కమిటీలు రైతు కోసం పెట్టినవా వ్యాపారి కోసం పెట్టినవా అని అడిగారు.

నేను మార్కెటింగ్ శాఖలో సూపర్‌వైజర్‌గా చేరి కార్యదర్శిగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం పాత వరంగల్, ఖమ్మం జిల్లాల యార్డుల్లోనే గడిచింది, కాబట్టి అక్కడ చూసినదాన్ని బట్టే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, ఊళ్లో అమ్ముకున్నందుకు రైతు మీద కేసేమీ ఉండదు. లైసెన్సు తీసుకోవాల్సిందీ, మార్కెట్ ఫీజు కట్టాల్సిందీ కొనేవాడు. మన రెండు రాష్ట్రాల్లో చాలా సరుకుల మీద ఆ ఫీజు నూటికి రూపాయి. ఊళ్లో అమ్మాడని రైతును పట్టుకున్న సందర్భం నా సర్వీసులో ఒక్కటి కూడా లేదు, ఫీజు ఎగ్గొట్టిన లారీలను చెక్‌పోస్టు దగ్గర ఆపి వ్యాపారి చేత కట్టించేవాళ్లం, అంతే. ఇక ఎక్కడ అమ్మాలి అంటారా, ఆ వ్యాపారికి మీ నాన్నగారు బాకీ లేకపోతే మిర్చిని యార్డుకే తోలమంటాను. బాకీ ఉంటే లెక్క వేరే. మీరు ప్రశ్నలో ధర గురించి రాశారు, తూకం గురించి రాశారు, బాకీ సంగతి మాత్రం రాయలేదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే, ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ జెండా ధర సంగతి. చాలామంది పిల్లలు హైదరాబాదులో ఫోన్లో జెండా ధర చూసి, "నాన్నా, పదిహేను వేలుంటే నువ్వు పదమూడుకు ఎలా ఇచ్చావ్" అని ఇంట్లో గొడవ పడుతుంటారు. జెండా పాట ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ గొడవ ఉండదు. రాత్రంతా బండ్లు దిగుతాయి, పొద్దున్నే లాట్లు వరసల్లో పేర్చి ఉంటాయి. మార్కెట్ సిబ్బంది, అడ్తిదారులు (కమీషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టేవాళ్లు), ఖరీదుదారులు (కొనే వ్యాపారులు) జెండాతో గుంపుగా బయల్దేరి, ఆ రోజు వచ్చిన సరుకులో కంటికి నదురుగా ఉన్న ఒక లాటు దగ్గర ఆగుతారు. బస్తా మూతి కోసి లోపలి నుంచి కాయ బయటికి లాగుతారు. ఒకాయన తొడిమ పట్టుకుని కాయ విరిచి గింజ రంగు చూస్తాడు, ఇంకొకాయన గుప్పెట్లో నలుపుతాడు, ఆరిన కాయైతే గలగలమంటుంది, తడి ఉంటే మెత్తగా ముద్దవుతుంది. పాట కాసేపట్లో అయిపోతుంది. ఆ ఒక్క లాటుకు పలికిన ధరే ఆ రోజు జెండా. మర్నాడు పేపర్లో వచ్చేది అదే. ఆ తర్వాత మిగతా లాట్లన్నిటికీ జెండా కింద బేరాలు నడుస్తాయి. రంగు తగ్గితే కొంత, తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిస్తే కొంత, తేమ ఉంటే ఇంకొంత కోస్తూ పోతారు. వేల బస్తాలు వచ్చిన రోజు జెండా ధరకు అమ్ముడుపోయేవి చాలా కొద్ది. జెండా ధర ఆ రోజు మార్కెట్‌కు పై హద్దు, అది అందరికీ దక్కే ధర కాదు. ఎక్కువ మందికి దక్కే ధర కావాలంటే మార్కెట్ ఆఫీసులో మోడల్ ధర అడగండి, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది చెబుతుంది. ఊరి వ్యాపారి ధరను దానితో పోల్చాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం, ఇవి ఊహించుకున్న అంకెలే. జెండా 15,000 ఉంది, మీ కాయకు 14,000 పలికింది. అడ్తి కమీషన్ నూటికి రెండు అనుకుంటే 280. హమాలీ, దడవాయి (కాంటా వేసే మనిషి), చాట కూలీ కలిపి ఓ 60. కిరాయి క్వింటాలుకు 150. మొత్తం 490 పోతే చేతికి 13,510. ఊళ్లో వ్యాపారి 13,000 అన్నాడు, ఖర్చేమీ లేదు, బాగానే ఉంది. కానీ క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీస్తాడు, అంటే 260 పోయి 12,740. తేడా క్వింటాలుకు 770, ఇరవై క్వింటాళ్లకు 15,400. ఇది కూడా కాంటా సరిగ్గా ఉందనుకుంటేనే. కొక్కెం కాంటా కొట్టే మనిషి చెయ్యి ఎలా ఆడుతుందో కల్లం దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుసు. అయితే రెండు మూడు క్వింటాళ్ల సరుకుకు యార్డు గిట్టకపోవచ్చు, ఆటో కిరాయి, ఒక మనిషి రోజు కూలి, రాత్రి అక్కడే పడుకుంటే తిండి ఖర్చు, ఇవన్నీ కలిపితే తేడా కరిగిపోతుంది. అప్పుడు పక్క చేను రైతుతో కలిసి బండి మాట్లాడుకోవాలి, లేదంటే ఊళ్లోనే ఎలక్ట్రానిక్ కాంటా పెట్టమని పట్టుబట్టాలి.

ఇప్పుడు చరిత్ర అడిగారు కదా. ఇది తెలిస్తే ఇవాళ్టి యార్డులో ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు అన్నది బాగా అర్థమవుతుంది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మన దేశంలో ప్రభుత్వం నియంత్రించిన మొదటి మార్కెట్ 1886లో కారంజాలో వచ్చింది. ఇప్పుడది మహారాష్ట్రలో వాషిం జిల్లా, అప్పట్లో బేరారు. ఆ బేరారు పేరుకు నిజాందే. సైన్యం ఖర్చు కింద పేరుకుపోయిన బాకీ తీర్చలేక 1853లో కంపెనీ వాళ్లకు అప్పగించాడు. నల్లరేగడి, మంచి పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టర్ మిల్లులకు మన దక్కను పత్తి దిక్కయింది. ధరలు ఒక్కసారిగా ఎగిశాయి, సావుకార్లు అడిగినవాడికీ అడగనివాడికీ అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, ధరలు పడ్డాయి, అప్పులు మాత్రం అలాగే నిలబడ్డాయి. పదేళ్లకు, 1875 మే నెలలో, పుణె దగ్గర సూపా అనే ఊళ్లో రైతులు సావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు, అది పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో చాలా ఊళ్లకు పాకింది. వాళ్లు ఎక్కువగా వెతికి మరీ కాల్చింది కాగితాల్నే. రైతుకు నొప్పి ఎక్కడుందో అప్పుడే తెలిసిపోయింది.

కానీ కారంజా మార్కెట్టు గానీ, ఆ తర్వాత 1897లో వచ్చిన బేరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం గానీ ఈ నొప్పికి మందుగా రాలేదు. కల్తీ లేని పత్తి, ఒక చోట, సక్రమంగా మిల్లులకు అందాలన్నది వాటి వెనక ముఖ్యమైన అవసరం. మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, మార్కెట్ నియంత్రణ మన దేశంలో మొదట కొనేవాడి అవసరం కోసం పుట్టింది, రైతు అందులోకి తర్వాత వచ్చాడు.

రైతు ఎప్పుడొచ్చాడంటే 1928లో. లిన్‌లిత్‌గో అధ్యక్షతన రాయల్ కమిషన్ దేశమంతా తిరిగి వ్యవసాయం మీద రిపోర్టు ఇచ్చింది. అప్పటి మార్కెట్లలో నడుస్తున్న దందాలన్నీ అందరి ముందుకూ వచ్చాయి. ఊరికో తూకం, సేరు ఒక చోట ఒక బరువు, పక్క ఊళ్లో ఇంకో బరువు. మచ్చు పేరుతో గుప్పెళ్లు గుప్పెళ్లు తీసుకోవడం. ధర్మాదాయం పేరుతో కోత. అడ్తిదారు, ఖరీదుదారు రుమాలు కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కుకుని ధర తేల్చుకోవడం, సరుకు యజమాని పక్కనే నిలబడి ఉన్నా తన పంట ఎంతకు పోయిందో వాళ్లు చెబితేనే తెలియడం. వీటన్నిటికీ నియంత్రిత మార్కెట్లే దారి అని కమిషన్ చెప్పింది. హైదరాబాద్ సంస్థానంలో 1339 ఫసలీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. కోస్తా, సీమ వైపు 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం. ఆ మద్రాసు చట్టం మా వ్యాపార హక్కును కాలరాస్తోందని వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1958లో కోర్టు చట్టాన్నే సమర్థించింది, ఆ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారు. పండించేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా, సమాన స్థాయిలో నిలబడి బేరం చేసుకోవాలన్నదే ఈ చట్టం ఉద్దేశమని అందులో ఉంది. రాష్ట్రాలు కలిశాక 1966లో ఆ రెండు పాత చట్టాల స్థానంలో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది, రాష్ట్రం విడిపోయాక కూడా మార్పులతో రెండు చోట్లా నడుస్తున్నది అదే.

ఈ చట్టాలు ఏమీ చెయ్యలేదని నేను ఒప్పుకోను. తూకం మారింది. లైసెన్సు ఉన్న దడవాయి, ముద్ర పడిన కాంటా, ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాయి. రుమాలు కింద బేరం పోయి బహిరంగ పాట వచ్చింది. తక్‌పట్టీ (అమ్మకం రసీదు) ఇవ్వడం తప్పనిసరి అయింది, దాని మీద ధర, తూకం, కోతలు అన్నీ రాయాలి. కాంటా దగ్గర గొడవైతే రైతు మార్కెట్ ఆఫీసుకు వచ్చి "మళ్లీ తూకం వేయించండి" అని అడగగలిగాడు. నేను అలా మళ్లీ వేయించినప్పుడు తేడా వచ్చిన సందర్భాలు ఉన్నాయి, ఆ తేడా డబ్బు అదే రోజు రైతుకు ఇప్పించాం కూడా. కల్లం దగ్గర ఆ ఆఫీసు లేదు. యార్డుకు తోలమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే.

చట్టం ముట్టుకోనిది అప్పును. మా దగ్గర తెలంగాణలో నాగు అని ఉండేది, వానకాలం తిండికో విత్తనానికో ఒక పుట్టి వడ్లు తెచ్చుకుంటే పంట రాగానే పుట్టిన్నర కొలవాలి. ఆ పైన 1940ల్లో యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ గల్లా పెట్టింది, అంటే పండిన ధాన్యంలో కొంత తప్పనిసరిగా సర్కారుకు కొలవాలి, దేశముఖులు తప్పించుకుంటే ఆ భారం చిన్న రైతు మీద పడింది. లెవీకి పోను, నాగుకు పోను కల్లంలో మిగిలేది ఎంత? అమ్ముకోవడానికి సరుకు ఉన్నవాడికి కదా మార్కెట్ చట్టం. కోస్తాలో ఇంకో రకం, పొగాకు, మిర్చి, వేరుశనగ లాంటి పంటలకు పెట్టుబడి ఎక్కువ కాబట్టి కొనేవాడే ముందుగా డబ్బు ఇచ్చేవాడు, పంట అతనికే తోలాలి. 1951-52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి సర్వేలో రైతులు తీసుకున్న అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతమే అని తేలింది. ఎక్కువ భాగం వడ్డీ వ్యాపారులదే. అంటే పాట బహిరంగంగా జరుగుతున్నా, ఆ పాటలోకి తన సరుకును స్వేచ్ఛగా తెచ్చే రైతు తక్కువ.

దీన్ని కాస్త పట్టించుకున్న నాయకుడు పంజాబులో సర్ ఛోటూ రామ్. ఆయన చొరవతో 1934లో రుణ ఉపశమన చట్టం, 1938లో తాకట్టు భూములు తిరిగి ఇప్పించే చట్టం, 1939లో మార్కెట్ల చట్టం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పును, మార్కెట్టును ఒకే సమస్యగా చూశాడు. మద్రాసులోనూ 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది గానీ అది ఒక దారి, మార్కెట్ కమిటీలు ఒక దారి అయ్యాయి. ఛోటూ రామ్ చేసినా పంజాబులో ఇవాళ కూడా ఆడ్తియా దగ్గర అప్పు లేని రైతు తక్కువే అనుకోండి. అప్పు అంత మొండిది.

యార్డులో ఇది ఎలా ఉంటుందో చూసినదే చెబుతాను. అడ్తిదారు జూన్‌లో విత్తనానికి, ఆగస్టులో పురుగు మందుకు డబ్బు ఇస్తాడు. ఫిబ్రవరిలో సరుకు వస్తుంది. రైతు ఆ అడ్తికే దింపాలి, ఇంకో దుకాణం ముందు దింపితే మర్యాద పోతుంది, వచ్చే ఏడు అప్పు పుట్టదు. పాటలో ధర తక్కువ పలికితే అమ్మనని తిరిగి తీసుకెళ్లే హక్కు చట్టప్రకారం రైతుకు ఉంది, దాన్ని బోర్డు మీద రాయించేవాళ్లం కూడా. కానీ బాకీ ఉన్న రైతు ఆ హక్కు వాడుకోగా నేను చూసింది చాలా అరుదు. పట్టీ రాసేటప్పుడు ధర కింద కమీషన్, హమాలీ, ఆ కింద అసలు, ఆ కింద వడ్డీ వరసగా పడిపోతాయి. కొన్ని చోట్ల డబ్బు వెంటనే కావాలంటే నూటికి ఒకటో రెండో కటింగ్ అంటారు, అది చట్టంలో ఎక్కడా లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వనక్కర్లేదు. అమ్మిన సరుకుకు డబ్బు ఇవ్వడం వాళ్ల బాధ్యత, దానికి రైతు దగ్గర రుసుము పట్టడం ఏమిటి! అయినా పెళ్లి ఖర్చు తల మీద ఉన్నవాడు తల వంచుకుని ఇచ్చేస్తాడు. మాకు ఫిర్యాదు రాసివ్వమంటే "వద్దులే సారూ, రేపు మళ్లీ ఆయన దగ్గరికే పోవాలె" అనేవాళ్లు. ఈ మాట విన్నప్పుడల్లా చట్టం చేతిలో పెట్టుకుని ఏమీ చెయ్యలేని పరిస్థితి. నాకు ఇప్పటికీ బాధే.

2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో జరిగింది గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది క్వింటాలు పన్నెండు వేల దాకా పలికిన మిర్చి ఆ ఏడు రెండు మూడు వేలకు కూడా అడిగారు. రైతులు తిరగబడ్డారు, ఆఫీసు ధ్వంసమైంది, కొందరు రైతులను అరెస్టు చేసి చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. ఆ బేడీల ఫోటో చూసి మా శాఖలో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత కేంద్రం క్వింటాలు 5,000 చొప్పున కొంత సరుకు కొనడానికి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. మిర్చికి మద్దతు ధర లేదు, పసుపుకూ లేదు. వీటికి ధర పడ్డప్పుడు ఇలా ప్రభుత్వం దయ తలచి అప్పటికప్పుడు ఏదో ఒకటి ప్రకటించాల్సిందే, 2025లో ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం 11,781 ప్రకటించినట్టు. అది వచ్చేసరికి బాకీ ఉన్న రైతు సరుకు అప్పటికే అమ్ముడైపోయి ఉంటుంది. ఆగగలిగినవాడికి ఒక ధర, ఆగలేనివాడికి ఒక ధర.

2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయ చట్టాల గురించి కూడా అడిగారు. యార్డు బయట ఎక్కడైనా, పాన్ కార్డు ఉన్న ఎవరైనా, ఫీజు లేకుండా కొనొచ్చు అన్నది అందులో ముఖ్యమైన మాట. డబ్బు అదే రోజు, లేదంటే మూడు పని దినాల్లో ఇవ్వాలని రాశారు, గొడవ వస్తే సివిల్ కోర్టుకు కాకుండా సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమన్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, ఆ ఏడాది చివర్లో పార్లమెంటు రద్దు చేసింది. ఇప్పుడు మళ్లీ రాష్ట్ర చట్టమే. నా అభిప్రాయం అడిగితే, మన వైపు ఊళ్లలో అమ్మకాలు ఎప్పటి నుంచో బయటే ఎక్కువ, కాబట్టి బయట అమ్ముకునే స్వేచ్ఛ మనకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. ఫీజు రాకపోతే యార్డు నడవదు, యార్డు లేకపోతే ఊరి వ్యాపారి దేన్ని చూసి ధర చెప్పాలి? మీ నాన్నగారి కల్లం దగ్గర ఆ వ్యాపారి చెప్పిన ధర కూడా ఖమ్మం పాట చూసి చెప్పిందే. బీహారులో 2006లో మార్కెట్ చట్టాన్నే తీసేశారు, అక్కడ చాలా యార్డులు పాడుబడ్డాయి. అలాగని ఇప్పుడున్న కమిటీలు బాగున్నాయని కాదు, ఛైర్మన్‌ను, సభ్యులను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, రైతులు ఎన్నుకోరు, ఎవరి ప్రభుత్వం వస్తే వాళ్ల మనుషులు కూర్చుంటారు. రైతుల సరుకు మీద వచ్చే ఫీజుతో నడిచే యార్డుకు రైతులు ఓటు వెయ్యలేకపోవడం అన్యాయమని సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

యార్డు సరుకును ఆన్‌లైన్‌లో వేలం వేసే ఈ-నామ్ గురించి రెండు ముక్కలు. 2016 ఏప్రిల్‌లో మొదలైంది, నిజామాబాద్ పసుపు మార్కెట్ లాంటి చోట్ల బాగా నడిచింది. లాటు నంబరు మీద వ్యాపారులు ఫోన్లోనో కంప్యూటర్లోనో ధర వేస్తారు కాబట్టి పక్కవాడు ఎంత వేశాడో కనిపించదు, కూడబలుక్కోవడం కొంత తగ్గుతుంది. కానీ కొనేది ఎక్కువగా అదే ఊరి వ్యాపారులు.

ఇక మీరు చెయ్యాల్సింది. కాయను తొందరపడి బస్తాల్లో తొక్కించకండి, కల్లంలో బాగా ఆరాక తాలు, మచ్చ కాయ వేరు చెయ్యండి, దానికి కూలి పెట్టినా ధరలో వచ్చేస్తుంది. మంచి కాయ, తాలు కాయ వేర్వేరు లాట్లుగా తోలండి, కలిపితే మొత్తానికి తాలు ధరే కడతారు. సోమవారం తోలడం మన వాళ్లకు అలవాటు, సెలవుల తర్వాత రోజు యార్డు నిండిపోతుంది, అలాంటి రోజు మానుకుని మధ్యలో తోలండి. గేటు దగ్గర ఎంట్రీ చీటీ జేబులో పెట్టుకోండి. కాంటా వేసేటప్పుడు మీ నాన్నగారో మీరో అక్కడే నిలబడి, ప్రతి బస్తా తూకం చిన్న పుస్తకంలో రాసుకోండి. రాసుకుంటున్న రైతు దగ్గర దడవాయి జాగ్రత్తగా ఉంటాడు, ఇది ఎన్నోసార్లు కళ్లారా చూశాను. మచ్చు పేరుతో ఒక్కొక్కరూ గుప్పెడు పట్టుకెళ్తుంటే చూసి వాపసు వెయ్యమనండి, పది మంది పది గుప్పెళ్లు తీస్తే కిలోలే పోతాయి. అడ్తి ఇచ్చే తెల్ల చీటీకి విలువ లేదు, మార్కెట్ తక్‌పట్టీ అడిగి తీసుకోండి. కమీషన్, హమాలీ ఎంత పట్టాలో ఆఫీసు బోర్డు మీద ఉంటుంది, పట్టీని దానితో సరిచూడండి.

ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టొచ్చు, కాకపోతే అద్దె, వడ్డీ రెండూ లెక్క వేసుకుని పెట్టండి, ధర పెరుగుతుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. వడ్లు, మొక్కజొన్న లాంటివైతే మార్కెట్ కమిటీ గోదాములో పెట్టి తాకట్టు రుణం తీసుకునే వీలుంది, సరుకు విలువలో 75 శాతం దాకా, మొదటి ఆరు నెలలు వడ్డీ లేకుండా. రైతుబంధు అన్న పేరు తెలంగాణలో 2018లో పెట్టుబడి సాయానికి పెట్టారు గానీ, అంతకు చాలా ముందు నుంచే మా శాఖలో ఈ తాకట్టు రుణానికి ఆ పేరు ఉంది. అప్పు ముడిని కొంచెమైనా వదులు చేసే పథకం మా శాఖలో ఇదొక్కటే, దీన్ని వాడుకునే రైతులు ఇంత తక్కువ ఉండటం నాకు మింగుడుపడదు. మీ మండలంలో ఏ సరుకులకు ఇస్తున్నారో, పరిమితి ఎంతో ఆఫీసులో కనుక్కోండి.

పత్తి సంగతి వేరు, దానికి మద్దతు ధర ఉంది. 2025-26కు పొడుగు పింజకు 8,110. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) వాళ్లు జిన్నింగ్ మిల్లుల దగ్గర కొంటారు, ఆ సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. తేమ 8 శాతం దాకా పూర్తి ధర, 12 దాకా కోతతో కొంటారు, అది దాటితే తిప్పి పంపుతారు. పొద్దున మంచులో ఏరిన పత్తిని అలాగే బోరెంలో తొక్కి తోలితే మీటరు పద్నాలుగు, పదిహేను చూపిస్తుంది, బండి వెనక్కి తిప్పితే అదే గేటు బయట ప్రైవేటు వ్యాపారి వెయ్యి తక్కువకు అడుగుతాడు. రెండు ఎండలు బాగా తగలనిచ్చి తోలండి. పంట నమోదులో మీ నాన్నగారి పేరు, సర్వే నంబరు సరిగ్గా ఉందో లేదో ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ఇప్పుడే అడగండి, ఏరడం మొదలయ్యాక పరిగెత్తితే టెన్షన్ తప్ప పని కాదు.

ఇక బాకీ. ఆ వ్యాపారి దగ్గర గానీ, మందుల దుకాణంలో గానీ ఈ ఏడు ఎంత ఉందో మీ నాన్నగారిని మెల్లగా అడగండి, పిల్లలకు చెప్పడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. చిన్న మొత్తమైతే మీ జీతంలోంచో, బ్యాంకు పంట రుణంలోంచో ముందు అది తీర్చేసి, తీర్చినట్టు కాగితం మీద సంతకం తీసుకుని, ఆ తర్వాతే సరుకు బేరం ఎత్తండి. పెద్ద మొత్తమైతే కనీసం అప్పు లెక్క, సరుకు లెక్క వేర్వేరు కాగితాల మీద రాయించండి, వడ్డీ ఎంతో పైన రాయమనండి, సగం సరుకు అతనికి ఇచ్చి సగం యార్డుకు తోలతామని ఇప్పుడే, కోత ముందే మాట్లాడుకోండి. కల్లంలో కాయ పరిచాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు. కాయ ఏ రకమో, ఎన్ని క్వింటాళ్లు వస్తుందనుకుంటున్నారో, బాకీ ఎంతో ఇక్కడ రాస్తే ఖమ్మమా, వరంగల్ ఏనుమాముల యార్డా, కేసముద్రమా ఏది దగ్గర పడుతుందో కిరాయి లెక్కతో సహా చెబుతాను.